మోటారుసైకిలు తాళము: బిగిసినపుడును, అరిగినపుడును చేయవలసిన పని

రైతు ఇంట ఎడ్లజత యుండిన చోట నేడు మోటారుసైకిలు నిలిచియున్నది. తెల్లవారుజామున కేంద్రమునకు పాలు చేర్చుటకును, సొసైటీ నుండి యూరియా బస్తా తెచ్చుటకును, వేళగాని వేళ చేనికి పోయి నీటితడి చూచుటకును, ఇంటివారికి జబ్బు చేసినపుడు ఆసుపత్రికి పోవుటకును అదియే సాధనము. ఇంజను, చక్రములు, గొలుసు, బ్రేకులు మొదలగు పెద్ద భాగములను గూర్చి వాహనదారులు కొంత శ్రద్ధ వహింతురు గాని, బొటనవ్రేలికంటె ఏమంత పెద్దది కాని తాళమును గూర్చి తలచువారు అరుదు. అయినను ఆ తాళము తిరుగకున్నచో తక్కిన భాగము లెంత బాగుగ నున్నను బండి యడుగు కదలదు.

ఈ విషయమున సభ్యులు మమ్ము తరచు రెండు ప్రశ్నలు అడుగుచుందురు. తాళము బిగిసినది, నూనె పోయవచ్చునా యనునది మొదటిది. ఏ చెవి పెట్టినను తిరుగుచున్నది, అట్లే వాడుకొనవచ్చునా యనునది రెండవది. రెండింటికిని మా సమాధానము ఒక్క మాటలో చెప్పవలెనన్న "కూడదు" అనియే. బిగిసిన తాళములలో పెక్కు దుమ్ముచేతను, అరిగిన చెవిచేతను బిగిసినవే కాని చెడినవి కావు. వానిని స్వల్పవ్యయముతో ఇంటనే బాగుచేసికొనవచ్చును. అరిగి వదులైన తాళము సంగతి వేరు. దానిని మార్చుటయే మార్గము. ఏది మొదటి తరగతిదో, ఏది రెండవ తరగతిదో గుర్తించు విధమును, పిమ్మట చేయవలసిన పనిని ఈ వ్యాసమున వివరించుచున్నాము.

లోపలి నిర్మాణము

తాళము లోపల ఏమున్నదో తెలిసిననే గాని దానికేమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలియదు. ఇప్పటి మోటారుసైకిళ్లలో సాధారణముగా వాడునది రేకుల తాళము. పోతపోసిన లోహపు ఒర యొకటి, ఆ ఒరలో ఇమిడి తిరుగు గుండ్రని దిమ్మ యొకటి ఇందు ముఖ్యభాగములు. మెకానిక్కులు ఈ దిమ్మను బ్యారెలు అందురు. మనము చెవిని దూర్చు సందు దీనియందే కలదు. బ్యారెలునకు అడ్డముగా కొన్ని గాడులుండును. ఒక్కొక గాడిలో పలుచని లోహపు రేకు, దానిని ఒక ప్రక్కకు నెట్టుచుండు వెండ్రుకవంటి సన్నని స్ప్రింగు అమర్చబడియుండును. ఈ రేకులు తరచు ఇత్తడివి.

చెవి లేనపుడు స్ప్రింగుల బలముచే రేకుల అంచులు బ్యారెలు నుండి వెలికి పొడుచుకొనివచ్చి ఒరలోని గాడిలో నాటుకొనును. అందువలన బ్యారెలు తిరుగదు. సరియైన చెవిని దూర్చినపుడు దాని పండ్లు ఒక్కొక రేకును కావలసినంత మేరకే జరిపి, అన్ని అంచులును బ్యారెలు లోనికి ముడుచుకొనునట్లు చేయును. అప్పుడే అది తిరుగును. ద్వారమున అయిదారుగురు కావలివారు నిలిచియుండగా అందరును ఒకేసారి తొలగిననే గాని లోనికి పోవుటకు వీలులేనట్లు, ఒక్క రేకు మొరాయించినను తాళము తెరచుకొనదు.

ఈ సూత్రము మిక్కిలి పురాతనమైనది. ప్రాచీన ఈజిప్టు దేశస్థులు కొయ్యతాళములలో జారిపడు చీలలను వాడిరి. అమెరికా దేశస్థుడగు లైనస్ యేల్ 1861, 1865 సంవత్సరములలో పొందిన పేటెంట్లచే ఆ చీలల తాళము చిన్న లోహపు తాళముగను, పలుచని చెవిగను రూపొందెను. చీలలకు బదులు రేకులు వాడునదియే మన బండి తాళము.

ఇచట గమనింపవలసినది ఒకటి గలదు. చెవి పండ్లలో ఒక మెట్టునకును మరియొక మెట్టునకును గల ఎత్తు భేదము ఇంచుమించు అర మిల్లీమీటరు, అనగా మన చేతిగోరు మందము మాత్రమే. ఆ గోరు మందములో సగము అరిగినను, లేక అంత మందమున మురికి పేరుకొనినను రేకు తన స్థానమునకు రాదు. ఇంత సూక్ష్మమైన అమరికను మనము ఎండలో, వానలో, దుమ్ములో ఆకాశమునకు నోరు తెరచియుండునట్లు నిలుపుచున్నాము.

బ్యారెలునకు అడుగున రాగి ముక్కలతో కూడిన విద్యుత్ స్విచ్చి యుండును. అనేక నమూనాలలో హాండిలును బిగించు ఇనుప గడియ కూడ ఈ తాళముచేతనే నడచును. అనగా దొంగను ఆపుట, కరెంటు నిచ్చుట, హాండిలును బిగించుట అను మూడు పనులను ఈ చిన్న వస్తువే చేయుచున్నది.

బిగియుటకు కారణములు

మొదటి కారణము దుమ్ము. నల్లరేగడి బాటల ధూళి, వరి నూర్చునపుడు లేచు పొట్టు, సిమెంటు, యూరియా బస్తాల పొడి చెవి సందున ప్రవేశించును. వానజల్లు పడినపుడు అది తడిసి ముద్దయై రేకుల ప్రక్కల పట్టుకొనును. ఎండిన పిమ్మట గట్టిపడి రేకులను కదలనీయదు.

రెండవ కారణము నూనె. తాళము బిగియగానే కొబ్బరినూనెయో, ఆముదమో, పాత ఇంజనాయిలో రెండు చుక్కలు వేయుట మన వాడుక. వేసిననాడు తాళము హాయిగా తిరుగును. ఆ సుఖమును చూచి ఇదియే మందని నమ్ముదుము. కాని నూనె తగిలిన చోట దుమ్ము అంటుకొనును. కొలది దినములలో నూనెయు దుమ్మును కలసి బంకయగును. మొదట లేని జబ్బును మనమే తెచ్చిపెట్టినవారమగుదుము. నూనె బండి గొలుసునకు ఆహారము, తాళమునకు విషము.

మూడవ కారణమును పెక్కుమంది ఎరుగరు. అది పశువుల కొట్టము. దొంగల భయముచే బండిని రాత్రివేళ కొట్టములో పశువుల ప్రక్కనే నిలుపువారు మనలో గలరు. పేడ, మూత్రముల నుండి వెలువడు అమ్మోనియా వాయువు తేమతో కలసినపుడు రాగిని, ఇత్తడిని తినివేయును. దీనికి మన దేశచరిత్రలోనే ఒక దృష్టాంతము గలదు. బ్రిటిషు ప్రభుత్వ కాలమున సైనికులు వర్షకాలములో ఇత్తడి తూటాలను గుఱ్ఱపుసాలలలో భద్రపరచగా, వానకాలము గడచి తీసిచూచునప్పటికి అనేక తూటాల గొట్టములు పగుళ్లు వారియుండెను. గుఱ్ఱపు మూత్రపు అమ్మోనియాయే ఇందులకు మూలమని 1921వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు నిరూపించిరి. తూటా గొట్టమును చీల్చగల వాయువు గోరంత రేకును విడిచిపెట్టునా? కావున బండిని కొట్టము నుండి గాలివాటమునకు దూరముగా నిలుపుట మంచిది.

నాల్గవ కారణము చెవి అరుగుదల. దినమునకు పదిసార్లు తిప్పిన చెవి సంవత్సరమునకు మూడువేల ఆరువందల పర్యాయములకు మించి తిరుగును. పండ్ల కొనలు గుండ్రబడి రేకులను చాలినంత జరుపజాలవు. దీనికి తోడు ఇంటితాళము, మోటారుషెడ్డు తాళము, ట్రాక్టరు చెవి, దేవుని బిళ్ల అన్నియు ఒకే గుత్తికి తగిలింతుము. గతుకుల బాటలో ఆ గుత్తి ఊగినపుడెల్ల చెవి తాళములో గీచుకొనుచు బ్యారెలును, రేకులను అరుగదీయును.

గుత్తి బరువు చిన్న విషయమని తలపరాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014వ సంవత్సరమున ఇంచుమించు 26 లక్షల కార్లను మరమ్మతునకై వెనుకకు పిలిపించెను. ఆ కార్ల తాళపు స్విచ్చి మిక్కిలి వదులుగా నుండుటచే, బరువైన గుత్తివలనగాని కుదుపువలనగాని అది నడుమదారిలో తనంతట తానే తిరిగి ఇంజను ఆగిపోవుచుండెను. పరిహారనిధివారు ఈ లోపమునకు సంబంధించినవిగా అంగీకరించిన మరణములు 124. మరమ్మతు జరుగువరకు గుత్తి నుండి తక్కిన చెవులన్నియు తీసివేసి కారు నడుపుడని ఆ కంపెనీ తన ఖాతాదారులకు తెలిపెను. నాలుగు చక్రముల బండికే ఇట్లయినపుడు రెండు చక్రముల బండిపై, వెనుక లారీ వచ్చుచుండగా ఇంజను ఆగినచో ఏమగునో చదువరులే యూహింతురుగాక.

జబ్బును గుర్తించు పరీక్షలు

మొదటి పరీక్ష: ఇంట భద్రపరచిన రెండవ చెవిని తెచ్చి పెట్టిచూడవలెను. అది సులభముగా తిరిగినచో తాళము మంచిదే, నిత్యము వాడు చెవి అరిగినదని నిశ్చయము. రెండు చెవులును ఒకే విధముగా బిగిసినచో లోపల మురికి చేరినదని గాని, రేకులో స్ప్రింగో చెడినవని గాని తెలియును.

రెండవ పరీక్ష: చెవి బాగుగనే తిరుగుచున్నది గాని హాండిలు మధ్యనుండు పచ్చదీపము వెలుగదు, లేక వెలిగి ఆరుచుండును. ఇట్టిచో దోషము రేకులయందు గాక అడుగున గల విద్యుత్ స్విచ్చియందో, వైర్లయందో కలదు. చెవిని మెల్లగా అటునిటు కదపినపుడు దీపము మిణుకుమన్నచో స్విచ్చి చెడినది. చెవిని ముట్టక హాండిలును మాత్రము కుడియెడమలకు త్రిప్పినపుడు దీపము ఆరినచో, హాండిలు మెడవద్ద వంగి వంగి వైరు లోపల తెగినదని గ్రహింపవలెను. పైతొడుగు చెక్కుచెదరక లోని రాగిపోగులు మాత్రము తెగుటచే ఈ దోషము కంటికి కనబడదు. అనేకులు ఇందుకై వృథాగా తాళమును మార్చి మోసపోవుచున్నారు.

మూడవ పరీక్ష: ఇంజను నడచుచుండగా బండిని స్టాండుపై నిలిపి చెవిని మెల్లగా వెలికి లాగవలెను. మంచి తాళమైనచో చెవి రాదు. వచ్చినచో రేకులు అరిగినవి. అట్లే ఇంటిలోని మరియొక బండి చెవిని పెట్టిచూడవలెను. అదియును తిరిగినచో ఆ తాళము తాళము కాదు, పేరునకు మాత్రమే మిగిలిన మూత.

శుభ్రపరచు విధము

మురికిచే బిగిసిన తాళమునకు చేయవలసిన పనిని వరుసగా చెప్పుచున్నాము.

1. మొదట బ్యాటరీ ఋణధ్రువపు వైరును, అనగా నల్లవైరును విప్పవలెను. ఆ దాపున బీడీ, అగ్గిపుల్ల, దీపము ఉండరాదు. నీడలో, గాలి వీచు చోట పనిచేయవలెను.

2. సైకిలు పంపుతోగాని, పంక్చరు దుకాణములోని గాలిగొట్టముతోగాని చెవి సందులోనికి గాలి కొట్టి పొడిదుమ్మును వెలికి తీయవలెను. సందునకు చిన్న రేకుమూత యున్నచో దానిని సన్నని పుల్లతో ప్రక్కకు నొక్కి పట్టుకొనవలెను.

3. ఎలక్ట్రికల్ దుకాణములలో దొరకు కాంటాక్టు క్లీనరును సన్నని గొట్టముద్వారా రెండు మూడు సెకనులపాటు లోనికి చిమ్మి, వెంటనే చెవిని పది పదునైదు పర్యాయములు దూర్చి తీయవలెను. తిప్పరాదు. తీసినపుడెల్ల చెవిని పొడిగుడ్డతో తుడువవలెను. గుడ్డకు నల్లని మురికి అంటుట మానువరకు ఈ పనిని మరల మరల చేయవలెను.

4. అరగంట సేపు ఆరనిచ్చి, మరల గాలి కొట్టవలెను.

5. ఇప్పుడు మెత్తని పెన్సిలు, అనగా 2బి గాని 4బి గాని గుర్తుగలది తీసికొని చెవి పండ్లపైని, రెండు ప్రక్కలను దట్టముగా రుద్దవలెను. ఆ చెవిని అయిదారు పర్యాయములు దూర్చి తీసి, పిమ్మట మెల్లగా తిప్పవలెను. సాఫీగా తిరుగువరకు మరల రుద్దుచుండవలెను. తుదకు చెవిని తుడిచి బ్యాటరీ వైరును బిగింపవలెను.

పెన్సిలు ముల్లులో గల నల్లని పదార్థము సీసము కాదు, గ్రాఫైట్. ఇది పొరలు పొరలుగా జారు స్వభావము గలది కావున లోహములకు నడుమ నునుపు కలిగించును. తడిలేనిది కావున దుమ్మును అంటించుకొనదు. గ్రాఫైట్ పొడి డబ్బీలలోను దొరకును. కాని బండి తాళములోనికి ఆ పొడిని గుమ్మరింపరాదు. ఏలయనగా గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేయును. అధికమైనచో అడుగున గల స్విచ్చిపై రాలి కరెంటును త్రోవ తప్పించవచ్చును. చెవిపై రుద్దినంత చాలును. నూనె తడి యున్న తాళములో గ్రాఫైట్ వేసినచో బంకయగును. కావుననే ముందు కడుగవలెనని చెప్పితిమి.

బజారులో దొరకు డబ్ల్యుడి-40 వంటి చిమ్ముడు ద్రవములను గూర్చి కూడ అడుగుచున్నారు. ఇది 1953వ సంవత్సరమున అమెరికాలో తయారైనది. నీటిని తొలగించుటకై చేసిన నలుబదియవ మిశ్రమమని దాని పేరునకర్థము. వానలో తడిసి బిగిసిన తాళమునుండి నీటిని, బంకను కదల్చుటకు ఇది యుపకరించును గాని, చిరకాలము నునుపునిచ్చునది కాదు. వాడినచో పిమ్మట తుడిచి ఆరబెట్టవలెను. పెట్రోలు మాత్రము ఎన్నడును పోయరాదు. స్విచ్చిలో చిన్న నిప్పురవ్వ పుట్టినను ప్రమాదము, ప్లాస్టిక్కు భాగములకును చేటు.

రెండవ చెవి విలువ

క్రొత్త బండి కొన్ననాడు మనకు రెండు చెవులిత్తురు. ఒకటి వాడుకలో నుండును, రెండవది పెట్టెలో ఎచటనో పడియుండును. వాడుక చెవి అరిగినపుడు దానినే బస్టాండువద్ద చెవులు కోయువాని చేతికిచ్చి మరియొకటి చేయించుట సామాన్యముగా జరుగుచున్న పని. ఇది తప్పు. కోత యంత్రమున పాతచెవి నొక ప్రక్క, క్రొత్తచెవి నొక ప్రక్క బిగింతురు. పాతచెవి అంచు వెంబడి ఒక ముల్లు నడచుచుండగా, రెండవ ప్రక్క కోతచక్రము అదే వంకరలను క్రొత్తచెవిపై కోయును. పాతచెవి ఎంత అరిగియుండునో క్రొత్తచెవియు అంతే అరిగినట్లు పుట్టును. తప్పుల పుస్తకమును చూచి ఎత్తి వ్రాసినట్లు, ఒక్కొక నకలునకు తప్పు పెరుగును.

కావున నకలు చేయింపదలచినచో వాడని రెండవ చెవి నుండియే చేయింపవలెను. ఆ నకలును వాడుకకు తెచ్చి, మూలచెవిని మరల భద్రపరచవలెను. విత్తనపు గింజను తినక దాచినట్లు మూలచెవిని దాచుట రైతునకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. కొన్ని కంపెనీలు చెవిపైగాని, దానితో ఇచ్చిన బిళ్లపైగాని ఒక సంఖ్యను ముద్రించును. దానిని బండి కాగితములతోపాటు వ్రాసి యుంచుకొనవలెను. ఇతరులకు చూపరాదు. బండి దొంగలపాలైనపుడు బీమా కంపెనీలు సాధారణముగా రెండు చెవులను అడుగును. అపుడు పెట్టెలు వెదకుట దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లగును.

చేలగట్టున తాళము బిగిసినపుడు

మాలో నొకరికి జరిగిన సంగతి చెప్పెదము. వానకాలమున రాత్రి మడికి నీరు కట్టి వచ్చి చెవి పెట్టగా తాళము తిరుగలేదు. పనిముట్ల సంచిలోని కటింగుప్లయరుతో చెవి తలను పట్టి బలముగా త్రిప్పిరి. చెవి లోపలనే విరిగెను. బండిని గట్టుమీద విడిచి చీకటిలో ఆరు కిలోమీటర్లు నడచి యిల్లు చేరిరి. మరునాడు తాళము విప్పి చూడగా రేకుల నడుమ ఇంజనాయిలుతో కలసిన మన్ను ముద్దగానుండెను. ఆ నూనెను పోసినదియు వారే. రెండవ చెవి ఇంటి గూటిలో క్రొత్తదిగనే యుండెను.

ఇట్టి సమయమున చేయవలసినది యేమనగా: చెవిని తుడిచి, సందులోనికి గట్టిగా ఊది, చెవిని పూర్తిగా లోనికి దూర్చవలెను. పిదప వెండ్రుకవాసి వెనుకకు లాగుచు, మెల్లగా పైకి క్రిందికి ఆడించుచు త్రిప్పిచూడవలెను. అరిగిన పండ్లు రేకులకు సరియగు చోటు ఒక్కొకప్పుడు ఈ విధముగా దొరకును. హాండిలు తాళము పడియున్నచో హాండిలును కుడియెడమలకు కొద్దిగా కదపుచు చెవిని త్రిప్పవలెను. చక్రము ఒక ప్రక్కకు ఒరగి గడియపై బరువు మోపుటచే చెవి తిరుగకపోవుట తరచు జరుగును. ఏ సందర్భమునను బొటనవ్రేలు, చూపుడువ్రేలు బలముకంటె హెచ్చు బలము వాడరాదు. తాళము తెరచుటకు ఆ బలము చాలును. అంతకు మించినది చెవిని విరుచుటకే.

చెవి విరిగినచో కంగారుపడి జిగురు పెట్టి లాగరాదు. జిగురు రేకులకంటి తాళమును శాశ్వతముగా పాడుచేయును. విరిగిన ముక్క కొంత వెలికి కనబడుచున్నచో సన్నని పటకారుతో నిటారుగా లాగవలెను. లోపలనే యున్నచో బ్యారెలు మూసిన స్థానముననే యున్నదా యని చూచి, లేకున్నచో సన్నని స్క్రూడ్రైవరు కొనతో ఆ స్థానమునకు తేవలెను. మూయు స్థానమున గాక ముక్క వెలికి రాదు. వడ్రంగులు వాడు సన్నని నగిషీ రంపపు బ్లేడును పండ్లు వెలుపలివైపునకు వచ్చునట్లు చెవి ప్రక్కగా దూర్చి, తగిలించి లాగినచో ముక్క వచ్చును. రెండు ముక్కలను పారవేయరాదు. వానిని జతపరచి క్రొత్తచెవి కోయించుకొనవచ్చును.

స్విచ్చి చెడినపుడు

దీపము మిణుకుమనుచున్నచో దానిని ఉపేక్షింపరాదు. ముప్పదియైదు వాట్ల దీపము పన్నెండు వోల్టుల బ్యాటరీ నుండి ఇంచుమించు మూడు ఆంపియర్ల కరెంటును తీసికొనును. స్విచ్చిలోని రాగిముక్కలు నల్లబడి అర ఓము నిరోధము మాత్రమే కలిగినను, ఒకటిన్నర వోల్టు అచటనే హరించిపోవును. నాలుగు వాట్లకు పైబడిన వేడి గోరంత చోటున పుట్టును. ఆ వేడికి ప్లాస్టిక్కు మెత్తబడును, రాగిముక్కలు ఇంకను నల్లబడును, నిరోధము ఇంకను పెరుగును. 2020 ఏప్రిలు 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన బిఎస్-6 నిబంధనల పిదప వచ్చిన బండ్లలో పెక్కింటికి పెట్రోలును చిమ్ము ఏర్పాటు విద్యుత్తుచేతనే నడచును. అట్టి బండ్లలో స్విచ్చి చెడినచో దీపమే గాక ఇంజనును ఆగిపోవును.

కొన్ని నమూనాలలో ఈ స్విచ్చిభాగమును తాళము నుండి వేరుగా విప్పవచ్చును. బ్యాటరీ వైరు విప్పిన పిమ్మట దానిని తీసి, రాగిముక్కలను కాంటాక్టు క్లీనరుతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా వేసెలిన్ పూసి బిగింపవచ్చును. రాగి కరగి గుంటలు పడినచో మాత్రము మార్చవలసినదే.

ఎప్పుడు మార్చవలెను

నడచుచుండగా చెవి వెలికి వచ్చినను, పరాయి చెవి తిరిగినను, కడిగిన పిమ్మట మూలచెవికి కూడ తాళము మొరాయించినను దానిని మార్చవలెను. పెట్రోలు ట్యాంకు మూత, ప్రక్కమూత, తాళము మూడింటికి ఒకే చెవి యుండునట్లు సెట్టుగా అమ్ముదురు. తాళమొకటే మార్చినచో రెండు చెవులు మోయవలసివచ్చును గాని పని జరుగును. చౌకగా దొరకు నకిలీ తాళములలో రేకులు తక్కువగా నుండి చెవులు ఒకదానికొకటి సరిపోవచ్చును. కొనునపుడే దుకాణములోని మరి రెండు చెవులతో పరీక్షించుట మేలు.

తాళము చెడినపుడు రెండు వైర్లను కలిపి 'డైరెక్టు' చేసి నడపుట కొందరికి తెలివిగా తోచుచున్నది. దీనిని మేము గట్టిగా నిషేధించుచున్నాము. ఫ్యూజునకు ముందు వైరు కలిపినచో, వైర్లు రాచుకొని కాలినపుడు ఆపుదిక్కు లేదు, ప్రక్కనే పెట్రోలు ట్యాంకు కలదు. పాత బండ్లలో కొన్నిటియందు తాళము మూసినపుడు ఒక వైరు ఇంజను శరీరమునకు కలిసి నిప్పురవ్వను ఆపును. ఆ వైరును తెంచినచో చెవితో ఇంజనును ఆపుటయే సాధ్యము కాదు. అన్నిటికిని మించి, యజమాని రెండు వైర్లతో తీయగల బండిని దొంగయు రెండు వైర్లతోనే తీయును. అప్పుచేసి కొన్న బండి పోయినను కిస్తీ మాత్రము నిలువదు.

సారాంశము

బండిచెవిని ఒంటరిగా, తేలికగా ఉంచవలెను. తక్కిన చెవులకు వేరుగుత్తి కావలెను. వానలోను, బండి కడుగునపుడును చెవి సందును కప్పవలెను. నీటి పంపును సూటిగా దానిపై పట్టరాదు. వానకాలమునకు ముందొకసారి, నూర్పిళ్ల పిదప నొకసారి గాలికొట్టి పెన్సిలు రుద్దవలెను. నూనె వేయరాదు. మూలచెవిని, సంఖ్యను భద్రపరచవలెను. బిగిసినపుడు బలము చూపరాదు, వదులైనపుడు ఆలసింపరాదు.

ఈ పనులన్నింటికి కావలసినది ఒక పెన్సిలు, ఒక గుడ్డ, సంవత్సరమునకు రెండు గంటల కాలము. సభ్యులు ఈ సంచిక చేతికందిన దినముననే పెట్టె వెదకి రెండవ చెవిని తీసి తాళములో పెట్టిచూతురు గాక. అది హాయిగా తిరిగినచో మరల దాచుకొనవచ్చును. కనబడకున్నచో, చేలగట్టున చీకటిలో గాక ఇంటిలో వెలుతురున తెలిసినందులకు సంతసించి, ఉన్న చెవి ఇంకను అరుగకముందే నకలు చేయించుకొనవలెనని మా మనవి.